‘ఇది బస్సు కాదు బాపు’ అన్నాను, నాన్న షెడ్డు వైపు రావడమే మానేశారు

ప్రశ్న: మాది హనుమకొండ. నాకు 36 ఏళ్లు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఇంటి నుంచే పని. నాన్నకు 68. ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యారు. మా ఇంట్లో 1976 మోడల్ ప్రీమియర్ పద్మిని కారు ఉంది. నాన్న సెకండ్‌హ్యాండ్‌లో కొన్నారు. నా చిన్నప్పుడు వేములవాడ, మేడారం అన్నీ అందులోనే తిరిగాం. చాలా ఏళ్లుగా రేకుల షెడ్డులో పడి తుప్పు పట్టింది. 2023 జూలై వానలకు నీళ్లు చేరి ఫ్లోరు కూడా పోయింది. ఇద్దరం కలిసి బాగు చేద్దామని మొదలుపెట్టాం. కంపెనీ నుంచి వచ్చినప్పుడు ఎట్లా ఉందో అట్లాగే ఉండాలని నాకు. 50 ఏళ్లు నిండాక వింటేజ్ నంబరు తీసుకుందామనుకున్నాను. బంపర్లు క్రోమ్ ప్లేటింగ్‌కు పంపాను, సీట్లకు రెక్సిన్ తెప్పించాను. నాన్నేమో ముందు బ్రేకులు చూడు, నడిస్తే చాలు, ఒక్కసారి మేడారం పోయొద్దాం అంటారు. ఒకరోజు నేను మీటింగ్‌లో ఉండగా డోర్ల కింది తుప్పు మీద పుట్టీ పెట్టేశారు. టింకరింగ్ (బండి రేకు పని) చేసే అతని ముందే ‘నీకు తెల్వదు బాపు, ఇది బస్సు కాదు’ అని అరిచాను. రెండు నెలలైంది. నాన్న షెడ్డుకు రారు, నాతో కలిసి అన్నం తినరు. అమ్మ మా మధ్య కబుర్లు మోస్తోంది. చిట్టీ ఎత్తిన డబ్బులో లక్షా నలభై వేలు దీనికే పోశానని నా భార్యకు కోపం, తుక్కు కింద అమ్మేయమంటోంది. ఏడేళ్ల పాప ఉంది. మా అక్క కరీంనగర్‌లో ఉంటుంది. కారు నా పేరు మీద రాయించుకుంటే ఈ గొడవ తీరుతుందా?

జవాబు: తప్పెవరిదని మీరు నేరుగా అడగలేదు. కానీ ఉత్తరమంతా ఆ ప్రశ్న చుట్టూనే తిరిగింది కాబట్టి ముందు దాని సంగతి చూద్దాం. పుట్టీ విషయంలో మీ మాట నిజం. బ్రేకుల విషయంలో మీ నాన్న మాట నిజం. ఆ రోజు అరవడం మాత్రం పూర్తిగా మీ తప్పే.

ఇది మర్యాద కోసం చెరిసగం పంచుతున్న తీర్పు కాదు. బస్సుకు కింద ఛాసిస్ (ఇనుప చట్రం) వేరు, పైన బాడీ వేరు. బాడీ రేకు చెడితే ముక్క కోసి రివెట్లు కొట్టి పంపినా బండి బలం ఛాసిస్‌లో ఉంటుంది. మీ నాన్న ఉద్యోగమంతా ఆ లెక్కతోనే గడిచింది. పద్మినికి అట్లా విడి ఛాసిస్ లేదు. ఇటలీ ఫియట్ 1100 నుంచి వచ్చిన కారు అది. ఫ్లోరు, డోర్ల కింద డబ్బాలా సాగే సిల్, పిల్లర్లు అన్నీ కలిసే బరువు మోస్తాయి. సిల్ తుప్పు తింటే బండి నడుమే పోయినట్టు. దాని మీద పుట్టీ పెడితే పైకి నున్నగా కనిపిస్తుంది, లోపల తేమ చిక్కుకుని తుప్పు ఇంకా పాకుతుంది. గట్టి రేకు తగిలేదాకా కోసి, కొత్త రేకు వెల్డింగ్ చేసి, ప్రైమర్ కొట్టాకే పుట్టీ సంగతి. అదీ గీతలు, చిన్న సొట్టలు సరిచేయడానికి మాత్రమే.

అంటే ‘ఇది బస్సు కాదు’ అన్న మాటలో విషయం ఉంది. మీరు దాన్ని విషయంగా చెప్పలేదు, తిట్టుగా వాడారు. అదీ ఆ పని చేసే ఇంకో మనిషి ముందు. ఏళ్ల తరబడి డిపోలో ‘ఈ బండి రోడ్డెక్కొచ్చు’ అని చెప్పే పనిలో ఉన్న మనిషికి, తోటి పనివాడి ముందు, తన కొడుకు నోటి నుంచి వినాల్సిన మాట కాదది. ఇంట్లో మీ వాళ్ల మధ్యే అని ఉంటే మరుసటి రోజుకు మర్చిపోయేవారేమో.

ఇక బ్రేకులు. ఆ కారుకు నాలుగు చక్రాలకూ డ్రమ్ బ్రేకులే. ఇన్నేళ్లు కదలకుండా ఉంటే వీల్ సిలిండర్లలో రబ్బర్లు ఎండిపోతాయి, హోస్ పైపులు పగుళ్లిస్తాయి, బ్రేక్ ఆయిల్ తేమ పీల్చుకుని సిలిండర్‌ను లోపల తినేస్తుంది. అవేవీ చూడకుండా మీరు బంపర్ల మెరుపు మీద డబ్బు పెట్టారు. మెకానిక్ కొడుకై ఉండి ఆ వరస ఎట్లా తప్పారో నాకైతే అర్థం కాలేదు. మీ నాన్న అప్పుడు అరవలేదు, గమనించండి.

అయితే ఈ రెండు తగాదాల కింద ఇంకోటి ఉంది. మీ ఇద్దరూ ఒకే కారు బాగు చేయడం లేదు. మీ నాన్నకు ఆ కారులో ఎక్కి పోవాలని ఉంది. మీకు ఆ కారు చెక్కుచెదరకుండా ఉండాలని ఉంది. పని మొదలుపెట్టే ముందు ఈ మాట మాట్లాడుకోలేదు. అందుకే ప్రతి నట్టు దగ్గరా తగువొస్తోంది.

ఈ రెండు కోరికల మధ్య తేడా చట్టంలో కూడా ఉంది. 2021లో కేంద్రం తెచ్చిన వింటేజ్ నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటిన బండికి ప్రత్యేకంగా ‘వీఏ’ సిరీస్ నంబరు ఇస్తారు. ఫీజు 20 వేలు, గడువు పదేళ్లు. బాడీ షెల్, ఇంజిన్ వంటివి పెద్దగా మార్చకుండా అసలు రూపంలోనే ఉండాలి. ఆ నంబరు తీసుకున్న బండిని మామూలు అవసరాలకు రోడ్డు మీద తిప్పకూడదు. ప్రదర్శనకు, వింటేజ్ ర్యాలీకి, పెట్రోలు పోయించడానికి, రిపేరుకు, అంతవరకే. మేడారం ప్రయాణం అందులోకి రాదు. మీరు ఎంతో ప్రేమతో తేవాలనుకున్న ఆ నంబరు ప్లేటు మీ నాన్న కోరికకు తాళం వేస్తుంది. ఇది ఆయనకు చెప్పారా? మీ ఉత్తరం చూస్తే మీకే తెలిసినట్టు లేదు.

రెండో దారి మామూలు రెన్యువల్. సొంత కారుకు 15 ఏళ్ల తర్వాత బండి చూపించి, ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలి. 20 ఏళ్లు దాటిన కార్లకు ఈ ఫీజును 2025లో 10 వేలు చేశారు. గ్రీన్ ట్యాక్స్, ఆలస్య రుసుము, ఇన్సూరెన్స్ వేరే. ఇన్నేళ్ల బకాయి ఎంత తేలుతుందో రెక్సిన్ కొనక ముందే ఆర్టీఏ ఆఫీసుకు పోయి కనుక్కోవాల్సింది. ఇప్పుడైనా కనుక్కోండి.

నన్నడిగితే ముందు రెండో దారి పట్టండి. కారణం సులువు. వింటేజ్ నంబరు ఇంకో ఐదేళ్లకో పదేళ్లకో కూడా తీసుకోవచ్చు, కారు వయసు పెరిగేదే కానీ తరిగేది కాదు. 68 ఏళ్ల మనిషి స్టీరింగ్ పక్కన గేరున్న బండి నడుపుకుంటూ పస్రా, తాడ్వాయి మీదుగా దాదాపు వంద కిలోమీటర్లు పోవాలనుకుంటున్నారు, ఆ కోరికకు అంత గడువు లేదు. అసలు రూపం పోకుండా రేకు పని చేయిస్తే రేపు మీ దారీ మూసుకుపోదు. (జాతర రోజుల్లో మాత్రం వద్దు. ఆ ట్రాఫిక్‌లో గంటల తరబడి నిలబడితే పాత ఇంజిన్ కుతకుత ఉడుకుతుంది. సమ్మక్క సారలమ్మల దగ్గరకు జాతర లేని రోజుల్లోనూ జనం పోతూనే ఉంటారు.)

ఇప్పుడు ఆయన్ని ఎట్లా పిలవాలి? వాట్సాప్‌లో సారీ పెట్టకండి. అమ్మతో కబురు పంపకండి, ఆమెను ఆ ఉద్యోగం నుంచి ముందు తప్పించండి. టింకరింగ్ అతను వచ్చే రోజు చూసి, మీరే వెళ్లి పిలవండి. ‘ఆ రోజు అట్లా అనొద్దుండె బాపు, ఇతని ముందు అస్సలే అనొద్దుండె’ అని అతని ఎదుటే చెప్పండి. మాట పోయిన చోటే మాట నిలబెట్టాలి. అక్కడితో ఆపండి. ‘కానీ నేను చెప్పింది కూడా...’ అని మొదలుపెడితే మొత్తం పాడవుతుంది. ఆ తర్వాత స్క్రూడ్రైవర్ ఆయన చేతికిచ్చి, సిల్‌ను కింది నుంచి పొడిచి చూడమనండి. తుప్పుతిన్న రేకులోకి అది దిగబడితే ఇంకెవరూ ఏమీ చెప్పనక్కర్లేదు. చేత్తో పనిచేసిన మనిషి వీడియోను నమ్మకపోవచ్చు, తన చేతిని నమ్ముతారు.

ఊరికే పొగడకండి, వెంటనే పట్టేస్తారు. దాని బదులు పని పంచుకోండి. బ్రేకులు, స్టీరింగ్, ఇంజిన్, పెట్రోలు లైన్ ఆయనవి. అక్కడ ఆఖరి మాట ఆయనదే, మీరు పానాలు అందిస్తారు. రేకు, రంగు, సీట్లు మీవి. అక్కడ ఆయన సలహా ఇస్తారు, మీరు వింటారు, నిర్ణయం మీది. ఇంజిన్ పట్టేసి ఉంటే ప్లగ్గుల రంధ్రాల్లో ఆయిల్ పోసి కొన్ని రోజులు నానబెట్టి చేత్తో తిప్పాలని ఆయనకు నేను చెప్పనక్కర్లేదు. ఒక్క సంగతి మాత్రం ఆయన కాలంలో లేదు. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలుస్తోంది. పాత రబ్బరు పైపులకు, కార్బ్యురేటర్ రబ్బర్లకు అది పడదు, ట్యాంకులో తేమను కూడా పట్టి ఉంచుతుంది. పైపులు ఈ పెట్రోలుకు తట్టుకునేవి వేయించమని చెప్పండి. విడిభాగాలు పూర్తిగా దొరకని కారేమీ కాదిది. ముంబైలో 2023 అక్టోబర్ దాకా పద్మిని ట్యాక్సీలు నడిచాయి.

పాప గురించి మీరు ఒక్క ముక్కే రాశారు, నాకు మాత్రం ఎక్కువ టెన్షన్ అక్కడే. పాత కార్ల రంగుల్లో సీసం ఉండే అవకాశం ఎక్కువ. పొడిగా సాండ్‌పేపర్ పెడితే ఆ ధూళి గాల్లో తేలుతుంది, పిల్లల మెదడుకు సీసం విషం. రంగు తీసేటప్పుడు నీళ్లతో తడిపి రుద్దండి, మాస్క్ వేసుకోండి, ఆ బట్టలతో ఇంట్లోకి పోకండి, పాపను అటు రానీయకండి. పాత బ్రేక్ లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉండేది. డ్రమ్ములు విప్పాక గాలి కొట్టి ఊదేయడం గ్యారేజీల్లో పాత అలవాటు. ఆ ఒక్క అలవాటు మీ నాన్న మానాలి, తడిగుడ్డతో తుడవాలి. వెల్డింగ్‌కు ముందు పెట్రోలు ట్యాంకు విప్పి దూరంగా పెట్టాలి. ట్యాంకు ఖాళీగా ఉందిలే అనుకోకండి, ఖాళీ ట్యాంకులో మిగిలిన ఆవిరే పేలుతుంది. జాకీ ఒక్కదాని మీద, ఇటుకల మీద లేపిన కారు కిందికి ఎవరూ దూరకూడదు, స్టాండ్లు కొనండి. ఎండాకాలం రేకుల షెడ్డులో మధ్యాహ్నం పని పెట్టకండి. మన దగ్గర 43, 44 డిగ్రీలు మామూలే, ఆయన ఆపమని నోరు తెరిచి అడగరు.

మీ భార్య సంగతి. ఆవిడ కారును తుక్కు అనడం మీకు బాధగా ఉంది. కానీ చిట్టీ ఇద్దరి జీతాల్లోంచో, ఇంటి ఖర్చులు తగ్గించుకునో కట్టి ఉంటారు. ఎత్తిన డబ్బు ఎక్కడికి పోవాలో ఆవిడను అడిగారా? ‘పోశాను’ అన్నారు గానీ ‘అనుకున్నాం’ అని ఎక్కడా రాయలేదు. మీ నాన్న అడక్కుండా పుట్టీ పెట్టారని మీకు కోపం వచ్చింది కదా, ఆవిడ కోపమూ అదే జాతిది. ఇప్పటిదాకా అయిన ఖర్చు కాగితం మీద రాసి ముందు పెట్టండి. ఇక మీదట నెలకు ఎంత అనేది ఆవిడే చెప్పాలి. ఆ నెల అది అయిపోతే పని ఆగుతుంది. ఆగితే ఆగనీండి, ఇన్నేళ్లు షెడ్డులో ఉన్న కారు ఇంకో నెల ఉంటుంది. రెక్సిన్ ఇంకా కుట్టించకపోతే వాపసు అవుతుందేమో చూడండి, ఆ డబ్బు బ్రేకులకు, వెల్డింగ్‌కు మళ్లించండి. రంగు చివరన.

అన్నట్టు, మీ అమ్మకు ఆ కారు ఉండాలా వద్దా అని ఎవరైనా అడిగారా?

ఇక మీరు అడిగిన ప్రశ్న. పేరు మార్పించుకోకండి, ఇప్పుడైతే అస్సలు వద్దు. మాటలు లేని ఇంట్లో సంతకం అడిగితే, నువ్వు తప్పుకో అన్నట్టే వినిపిస్తుంది. పైగా కరీంనగర్‌లో మీ అక్క ఉంది. ఆ కారు వెనక సీట్లో ఆమె కూడా కూర్చుని వేములవాడ పోయి ఉంటుంది, ఆమెతో మాట్లాడకుండా రాయించుకుంటే ఇంకో గొడవ కొనితెచ్చుకున్నట్టు. ఆర్‌సీ మీ నాన్న పేరు మీదే ఉండనీండి. రెన్యువల్‌కు ఫారం 25 మీద సంతకం ఆయనదే కావాలి, బండి చూపించడానికి ఆయనతో కలిసి వెళ్లండి. ఆర్టీఏ ఆఫీసులో ‘ఈ బండి ఎవరిది’ అని అడిగితే జవాబు ఆయన్నే చెప్పనీండి.