హెచ్‌పీఎల్‌సీలో 99 వచ్చింది, ఎన్‌ఎంఆర్‌లో ఆ పీకులేంటి?

ప్రశ్న: సార్ నమస్తే. ఎమ్మెస్సీ ఆర్గానిక్ అయ్యాక జీడిమెట్లలో ఆర్ అండ్ డీలో చేరాను. నేను చేసిన అమైడ్‌కి హెచ్‌పీఎల్‌సీ (కాంపౌండ్‌లని విడదీసి ప్యూరిటీ చూసే పద్ధతి) ప్యూరిటీ 99.2 శాతం వచ్చింది, ఎల్‌సీఎంఎస్‌లో (అలాగే విడదీసి మాలిక్యూల్ బరువు చూసే పద్ధతి) మాస్ కూడా సరిపోయింది. కానీ ప్రోటాన్ ఎన్‌ఎంఆర్‌లో (మాలిక్యూల్‌లోని హైడ్రోజన్లని పీకులుగా చూపించే పద్ధతి) 1.26, 2.05, 4.12 దగ్గర వేరే పీకులున్నాయి. దేన్ని నమ్మాలి?
– ఒక పాఠకురాలు

జవాబు: రెండిటినీ నమ్మాలమ్మా. సీడీసీఎల్3లో (ఎన్‌ఎంఆర్‌కి శాంపిల్ కరిగించే సాల్వెంట్) ఆ మూడూ ఇథైల్ అసిటేట్ అనే సాల్వెంట్ పీకులు, రియాక్షన్ అయ్యాక వర్కప్‌లోనో, ప్యూరిఫై చేసే కాలమ్‌లోనో వాడింది ఇంకా పోలేదన్నమాట. హెచ్‌పీఎల్‌సీలో ఎందుకు కనపడలేదంటే అక్కడ ఉండేది యూవీ డిటెక్టర్, 254 నానోమీటర్ల దగ్గర చూస్తే బెంజీన్ రింగ్ ఉన్న కాంపౌండ్ గట్టిగా అబ్జార్బ్ చేస్తుంది, ఇథైల్ అసిటేట్ దాదాపు చెయ్యదు, నీళ్లూ మామూలు సాల్టులూ అసలే కనపడవు. కాబట్టి 99.2 అంటే డిటెక్టర్‌కి కనపడిన ఏరియాలో 99.2 అంతేగానీ బరువులో కాదు.

ఎంతుందో మీరే లెక్కేసుకోవచ్చు. మీ కాంపౌండ్‌లో ఒక ప్రోటాన్‌ని 1గా పెట్టండి, 2.05 దగ్గర సింగ్లెట్ 0.6 వచ్చిందనుకోండి, అది మూడు ప్రోటాన్లది కాబట్టి మూడుతో భాగిస్తే 0.2 మోల్, దాన్ని ఇథైల్ అసిటేట్ మాలిక్యులర్ వెయిట్ 88తో గుణిస్తే 17.6, మీ మాలిక్యులర్ వెయిట్ 350 అయితే బరువులో దాదాపు 5 శాతం సాల్వెంటే! మందుల్లో ఇథైల్ అసిటేట్‌కి ఐసీహెచ్ (మందుల ప్రమాణాలు నిర్ణయించే అంతర్జాతీయ సంస్థ) మామూలుగా ఒప్పుకునేది 5000 పీపీఎం, అంటే 0.5 శాతం. కొంచెం డీసీఎంలో (డైక్లోరోమీథేన్, తేలిగ్గా ఆవిరయ్యే సాల్వెంట్) కరిగించి మళ్లీ రోటావేపర్ (సాల్వెంట్‌ని ఆవిరి చేసే మెషీన్) మీద తీసేసి హై వాక్యూమ్‌లో పెట్టండి, జిగటగా ఉంటే టైం పడుతుంది. తర్వాత మళ్లీ ఎన్‌ఎంఆర్ తీసి 5.30 దగ్గర డీసీఎం మిగల్లేదని కూడా చూసుకోండి.

నాకు ఇంతకంటే పెద్ద దిగులు "మాస్ సరిపోయింది" అన్న మాటతో. మాస్ సరిపోయినంత మాత్రాన స్ట్రక్చర్ రుజువైనట్టు కాదు. పారా అమైనో ఫినాల్‌కి ఎసిటైల్ గ్రూప్ నైట్రోజన్ మీద ఎక్కితే పారాసిటమాల్, ఆక్సిజన్ మీద ఎక్కితే ఎస్టర్, రెండిటికీ మాస్ 151, ఎల్‌సీఎంఎస్‌లో ఒక ప్రోటాన్ కలిసి రెండూ 152 దగ్గరే వస్తాయి. ఐఆర్‌లో (ఇన్‌ఫ్రారెడ్‌తో ఏ ఫంక్షనల్ గ్రూపులున్నాయో చూసే పద్ధతి) మాత్రం వెంటనే దొరికిపోతాయి, అమైడ్ కార్బొనైల్ 1650 దగ్గర, ఆ ఫినైల్ ఎస్టర్‌ది 1760 దగ్గర. మీ స్టార్టింగ్ మెటీరియల్‌లో ఓహెచ్, ఎన్‌హెచ్2 రెండూ ఉంటే ముందు ఐఆర్ తియ్యండి, ఐదు నిమిషాల పని, దాన్నెందుకో ఈమధ్య అందరూ వదిలేస్తున్నారు. అప్పటికీ తేలకపోతే హెచ్‌ఎంబీసీకి (ఏ హైడ్రోజన్ ఏ కార్బన్‌కి దగ్గర్లో ఉందో చూపించే ఎన్‌ఎంఆర్) ఇవ్వండి.