పోయినేటి ధర వచ్చేదాకా జీడిపిక్కలు ఆపాలా?

పోయినేడు 80 కిలోల బస్తా 14,000కి పోయింది, ఈ ఏడు పలాసలో 10,000 అంటున్నారు, నాలుగు వేలు నష్టపోయి ఎలా అమ్మేది అని అడిగారు. పెట్టుబడి ఎంతయిందో మాత్రం రాయలేదు. అంటే మీరు కొలుస్తున్నది ఖర్చుతో కాదు, పోయినేటి ధరతో. మనస్తత్వ శాస్త్రవేత్తలు కానెమన్, ట్వర్‌స్కీ 1979లో చూపించింది ఇదే: మనసులో ఒక ధర నాటుకుంటే దానికి తక్కువ వచ్చిందంతా నష్టంగానే కనిపిస్తుంది. 1992లో వాళ్లు వేసిన అంచనాలో మనసు మీద నష్టం బరువు అంతే మొత్తం లాభానికి దాదాపు 2.25 రెట్లు. నష్టంలో ఉన్నామనుకున్నవాడు జూదానికి తెగిస్తాడు. సరుకు ఆపడమూ జూదమే మరి.

ఇలా అడిగి చూసుకోండి: చేతిలో పిక్కలు లేవు, 10,000 నగదుంది. ఆ డబ్బుతో ఇవాళ ఒక బస్తా కొని గదిలో దాస్తారా? "ఎవడు కొంటాడు" అనిపిస్తే ఆపడానికీ కారణం లేనట్టే.

దాస్తాననుకుంటే లెక్క వెయ్యండి. నూటికి రెండు రూపాయల వడ్డీకి మూడు నెలలకు 600. గోనె, కూలి వంద అనుకుందాం. అసలు తినేసేది తేమ. 12 శాతం తేమతో ఉన్న 80 కిలోలు 8 శాతానికి ఆరితే మిగిలేది 76.5 కిలోలే. ఆ 76.5 మీద 10,700 రావాలంటే బస్తా 11,200 దగ్గరికి చేరాలి. అప్పటికి మీకు మిగిలింది సున్నా. (బాగా ఆరిన సరుక్కి కొనేవాడు కాస్త ఎక్కువిస్తే అంతమేర తగ్గించుకోండి.)

ధర ఎటు పోతుందో మాత్రం లెక్కకు అందదు. ఆఫ్రికా నుంచి పిక్కలు ఎన్ని దిగుతాయన్నది ఉద్దానంలో కూర్చుని ఎవరూ చెప్పలేరు. మనుషులు నిర్ణయాలు ఎలా తీసుకుంటారో పరిశోధించిన హెర్బర్ట్ సైమన్‌కి 1978లో అర్థశాస్త్ర నోబెల్ తెచ్చిన ఆలోచనల్లో ఇదొకటి: సమాచారం, సమయం, బుర్ర మూడూ పరిమితమే కాబట్టి అన్నిటికన్నా మంచి ధర కోసం వెతక్కుండా, చాలిన ధర ముందే గీసుకుని అది రాగానే ఆగాలి. సగం ఇప్పుడు అమ్మెయ్యండి. మిగతా సగానికి ఒక ధర, ఒక ఆఖరు తేదీ క్యాలెండర్ మీద రాసి, ఇంట్లో ఇంకొకరికి చెప్పండి. తప్పు జరిగేది ఎక్కువగా ఇక్కడే. 11,800 రాసుకున్నవాడు తీరా అది వచ్చాక 12,500 అంటాడు, గీత తనే జరుపుకుంటాడు.

ఆఖరు తేదీ వానలకు ముందే ఉండాలి. తేమ లాగితే పప్పు రంగు మారుతుంది. కొనేవాడు నాలుగు పిక్కలు కోసి చూసి అక్కడికక్కడే ధర తెగ్గొడతాడు.