ఒకప్పుడు ప్రేమించిన నగరానికి తిరిగి వెళ్లడం గురించి

ఆరేళ్ల క్రితం విడిచి వచ్చిన నగరానికి మళ్లీ వెళ్లాలా వద్దా అన్నది మీకు తేలకపోవడానికి కారణం, మీరు కోరుకుంటున్నది ఆ ఊరినా లేక అక్కడ గడిపిన వయసునా అన్నది ఇంకా విడదీసి చూసుకోకపోవడమే కావచ్చు. చేదు జ్ఞాపకాల తాలూకు బాధ సాధారణంగా తీపి జ్ఞాపకాల ఆనందం కన్నా త్వరగా మాసిపోతుంది కాబట్టి, వదిలి వచ్చిన ఊరు ఉన్నదానికన్నా తియ్యగా గుర్తుండవచ్చు. తేల్చుకోవడానికి ఈ మూడు మెట్లు పాటించండి.

1. అప్పుడు ఎందుకు వదిలి వచ్చారో కాగితం మీద రాసి, ఆ కారణం నేటికీ ఉందేమో చూడండి.

2. చాలామంది వదిలేసే మెట్టు ఇదే. సెలవుల్లో చుట్టపుచూపుగా కాకుండా, పనిదినాల్లో కనీసం రెండు వారాలు అద్దె గదిలో ఉండి, ఉదయం రద్దీలో బస్సుకోసం నిలబడి, సాయంత్రం కూరగాయల సంచితో మెట్లెక్కి, పలకరించేవారెవరూ లేని ఒక మంగళవారం రాత్రి ఒంటరిగా భోంచేసి చూడండి. పాత మిత్రులను మొదటి వారం కలవకండి. వారి ఆప్యాయత ఊరి లోటుపాట్లను కప్పేస్తుంది. ఆ రాత్రి కూడా అక్కడే ఉండాలనిపిస్తే, అది నమ్మదగిన కోరికే.

3. వెళ్లినా, మొదటి ఆరు నెలలు ఇక్కడి ఇల్లు అమ్మకండి.