కక్ష్యలో అణుబాంబు పెడితే ముందు పోయేది ఉపగ్రహాలే

"అంతరిక్షంలో అణుబాంబు పెడితే పైనుంచి నగరాల మీద పడేస్తారా? అక్కడ అణ్వాయుధాలు పెట్టకూడదన్న 1967 అంతరిక్ష ఒప్పందం ఉందిగా, ఇంకా టెన్షన్ ఎందుకు?" అని అడిగారు. నగరం మీద వేయాలంటే అంత పైన పెట్టాల్సిన పనే లేదండీ. నేల మీది క్షిపణి అరగంటలో ఖండాలు దాటుతుంది, కక్ష్యలో ఉన్నదేమో లక్ష్యం మీదుగా వచ్చేదాకా కాచుక్కూర్చోవాలి. దాని గురి ఉపగ్రహాల మీదే.

అంత ఎత్తున అణుబాంబు పేల్చడం ఇంతకుముందు జరిగింది కూడా. 1962 జులై 9న అమెరికా పసిఫిక్ మీద సుమారు 400 కి.మీ. ఎత్తున 1.4 మెగాటన్నుల బాంబు పేల్చింది. దాదాపు 1,400 కి.మీ. దూరంలోని హవాయిలో కొన్ని వీధిదీపాలు ఆరిపోయాయి. అసలు నష్టం తర్వాత మొదలైంది. అక్కడ గాలి లేదు కాబట్టి పేలుడు తాకిడి ఉండదు, కానీ దాంట్లో పుట్టిన ఎలక్ట్రాన్లు భూమి అయస్కాంత క్షేత్రంలో చిక్కుకుని నెలల తరబడి అక్కడే తిరిగాయి, వాటిలోంచి చుట్టుచుట్టుకీ వెళ్లిన ఉపగ్రహాల సోలార్ ప్యానెళ్లు, ఎలక్ట్రానిక్స్ పాడైపోయాయి. టెల్‌స్టార్ అనే సమాచార ఉపగ్రహాన్ని ఆ పేలుడు మర్నాడు ప్రయోగించారు. అయినా ఆ రేడియేషన్‌కి, అదే ఏడాది సోవియట్ పరీక్షలూ తోడై, 1963 ఫిబ్రవరిలో మూగబోయింది.

నేను కొన్నేళ్లుగా సొంతంగా చేసుకున్న యాంటెన్నాతో వాతావరణ ఉపగ్రహాల సిగ్నల్ పడుతుంటాను. తలమీదుగా దాటేది పది, పన్నెండు నిమిషాలే. ఫ్రీక్వెన్సీ మెల్లగా కిందికి జారుతుంటే ల్యాప్‌టాప్‌లో గీత తర్వాత గీతగా బొమ్మ దిగుతుంది, ముందు మబ్బుల అంచు, ఆ తర్వాత తీరం. వాతావరణ ఉపగ్రహాల్లో అమెరికావీ రష్యావీ ఉన్నాయి, తిరిగేది దాదాపు ఒకే ఎత్తులో. అక్కడ రేడియేషన్ నింపితే పేల్చిన దేశం ఉపగ్రహాలూ పోతాయి, తుపాన్లు కనిపెట్టేవీ పోతాయి. నాకు కోపం వచ్చేది ఇక్కడే.

ఇక ఒప్పందం. కక్ష్యలో అణ్వాయుధాలు పెట్టకూడదని నాలుగో అధికరణం స్పష్టంగానే చెబుతుంది. కానీ తనిఖీ ఏది? చంద్రుడి మీద కట్టే స్థావరాలను ఇతరులకు చూపించాలని పన్నెండో అధికరణం అంటుంది గానీ, కక్ష్యలో తిరిగేదాని లోపల ఏముందో చూసే ఏర్పాటేదీ అందులో లేదు. రష్యా అలాంటి ఆయుధం తయారు చేస్తోందని 2024లో అమెరికా ఆరోపించింది, రష్యా కాదంది. ఆ ఏప్రిల్‌లో భద్రతా మండలిలో, కక్ష్యలో పెట్టే అణ్వాయుధాలను తయారు చేయొద్దని కోరే తీర్మానం వస్తే 13 దేశాలు సరేనన్నాయి, చైనా తటస్థంగా ఉండిపోయింది, రష్యా వీటో చేసింది. అంతరిక్షంలో అన్ని రకాల ఆయుధాలనూ నిషేధించాలన్నది వాళ్ల వాదన. నిషేధించాల్సిందే, నేనూ అదే కోరుకుంటాను, కానీ అందాకా అణుబాంబు సంగతి ఎందుకు ఆపాలి?