శివరాత్రి ముందురోజు చేపల పులుసా తమ్ముడూ?

కావలి నుంచి ఒక తమ్ముడు రాశాడు. పెళ్లయి మూడేళ్లు, ఇంట్లో తను, భార్య, వాళ్లమ్మ. పోయిన ఏడాది ఫిబ్రవరి 14న భార్యని నెల్లూరులో హోటల్‌కి తీసుకెళ్లి, అమ్మకి మాత్రం డాక్టర్ దగ్గరికి వెళ్తున్నామని చెప్పాడు. అది బయటపడి నెల రోజులు ఇంట్లో మాటల్లేవు. ఈసారి తనే చేపల పులుసు వండి, మేడ మీద ఇద్దరే కూర్చుని తినాలని ప్లాన్. భార్యేమో "అత్తమ్మ ఉండగా ఇవన్నీ ఎందుకు, వద్దులే" అంది. "ఆమెకి నా మీద ప్రేమ లేదా మేడం?" అని అడుగుతున్నాడు.

ప్రేమ సంగతి తర్వాత, ముందు క్యాలెండర్ చూశారా? 2026లో 14వ తేదీ శనివారం, తెల్లారితే ఆదివారం మహాశివరాత్రి. మీ అమ్మగారు శనివారం నీచు ముట్టరని మీరే రాశారు. మర్నాడు ఒక్కపొద్దు ఉండబోయే మనిషి ఉన్న ఇంట్లో కొరమీను కడుగుతారా? ఆ వాసనకి తిట్లు ఎవరి మీద పడతాయో మీకు తట్టలేదు గానీ మీ భార్యకి బాగా తెలుసు, అందుకే వద్దంది.

అసలు గొడవ పోయిన ఏడాది చెప్పిన అబద్ధంలో ఉంది. పెళ్లయి రెండేళ్లయిన కొడుకూ కోడలూ డాక్టర్ దగ్గరికి అంటే ఏ తల్లయినా ఏమనుకుంటుంది? మీ అమ్మగారూ అదే అనుకున్నారు, పక్కింటావిడతో కూడా చెప్పుకున్నారు. నిజం తెలిశాక "నువ్వే నేర్పించావు" అని కోడల్ని అన్నారు, మీరేమో పక్కన నిలబడి ఫోన్ చూసుకున్నారు. (ఈ ముక్క మీ ఉత్తరంలో ఒక్క లైనే ఉంది, నేను మాత్రం అక్కడే ఆగిపోయాను.) ఆ మాట ఆమె మనసులో అట్టాగే ఉంది. ఈ నెల 14 లోపల ఆమె ఎదురుగానే అమ్మతో "అమ్మా, పోయినసారి డాక్టరని అబద్ధం చెప్పింది నేను, తనకేం సంబంధం లేదు" అనండి. "ఏందిరా, ఇప్పుడెందుకు ఆ గోల" అని అమ్మ విసుక్కుంటుంది, విసుక్కోనివ్వండి. ఆ ఒక్క మాట పడకుండా మేడ మీద ఎన్ని దీపాలు పెట్టినా మీ ఆవిడకి ముద్ద దిగదు.

ఇక వంట. చేపల పులుసు ఎవరికి ఇష్టం? మీకు. మీ ఆవిడది కనిగిరి వైపు అని రాశారు, మెట్ట ప్రాంతం, కందులూ జొన్నలూ పండే నేల. ఆమెకేం ఇష్టమో రెండు పేజీల ఉత్తరంలో ఎక్కడా లేదు. అడగండి. నన్నడిగితే కంది పచ్చడి చేయమంటాను. ఎప్పుడూ గరిటె పట్టని వాడికి కూడా కుదురుతుంది: కందిపప్పు సన్నసెగ మీద కమ్మటి వాసన వచ్చేదాకా ఓపిగ్గా వేయించాలి, చివర్లో ఎండుమిర్చి, జీలకర్ర వేసి దించి, చల్లారాక చింతపండు, ఉప్పు, వెల్లుల్లి చేర్చి బరకగా రుబ్బాలి. మంట పెంచి తొందరపడితే పప్పు మాడి చేదొస్తుంది. వేడన్నం, నెయ్యి, పక్కన పచ్చిపులుసు, అంతే. తీపికి నెల్లూరు మలై కాజా తెప్పించుకోండి, స్వీటు కూడా మీరే చేస్తానని దిగకండి. చేపల పులుసు మాత్రం, మామిడికాయలు బాగా దిగాక ఏదో ఒక ఆదివారం పెట్టుకోండి, అప్పుడు ముక్కలు వేసి పొద్దున కాస్తే రాత్రికి ఇంకా బావుంటుంది, అమ్మ కూడా తింటుంది.

అమ్మకి వాలెంటైన్స్ డే గురించి ఉపన్యాసం అక్కర్లేదు. "ఈ పూట నేను వండుతా, మీ ఇద్దరూ వంటింట్లోకి రావద్దు" అనండి, అది అబద్ధం కూడా కాదు. అమ్మకి ముందుగా వడ్డించండి, పచ్చడి ఎలా ఉందో అడగండి, ఉప్పు తక్కువైందంటే ఒప్పుకోండి. ఆమె తిని టీవీ ముందు కూర్చున్నాక మీరిద్దరూ మేడ మీదికి వెళ్లండి. మూడేళ్లుగా అందరూ తిన్నాక చివర్లో చల్లారిన అన్నం తినే మనిషికి, కూర్చోబెట్టి వేడివేడిగా ఒకరు వడ్డిస్తే ఎలా ఉంటుందో మీరే చూస్తారు. ఆమె మధ్యలో నెయ్యి కోసం లేవబోతే లేవనివ్వకండి. ఫోన్ కింద వదిలేయండి, ఫొటో ఒక్కటి కూడా వద్దు, స్టేటస్ అసలే వద్దు.

ఆమె అప్పటికీ వద్దంటే బలవంతం చేయకండి, ఇంకో రోజు చూసుకోవచ్చు.

తిన్నాక గిన్నెలు సింకులో పడేసి పడుకునే అలవాటు మగాళ్లలో చాలా చూశాను, మా ఇంట్లోనే ఒకరున్నారు. పొద్దున శివరాత్రి. అమ్మ లేచి దీపం పెట్టే వేళకి గిన్నెలు తోమి, స్టవ్ గట్టు తుడిచి ఉండాలి, ఆ పని కూడా మీదే.