అవార్డు, రివార్డు, ప్రైజు: మూడూ బహుమతులేనా?

సందేహం: మా ఉన్నత పాఠశాల వార్షికోత్సవ ఆహ్వానపత్రికలో ఇంగ్లీషు వైపు ఒకచోట ‘ప్రైజులు’, ఒకచోట ‘అవార్డులు’, ఇంకొకచోట ‘రివార్డులు’ అని పడ్డాయి. తెలుగు వైపు మాత్రం మూడింటికీ ‘బహుమతులు’ అనే వేశారు. ఈ మాటలకు నిజంగా తేడా ఉందా? ఉంటే తెలుగులో దాన్ని ఎలా చూపాలి? అలాగే ‘ఇన్‌వాల్యుబుల్’ అన్న మాటకు మా విద్యార్థులు ‘విలువలేనిది’ అని అర్థం రాస్తున్నారు. అది తప్పని దిద్దుతున్నాను గాని, ఎందుకు తప్పో వాళ్లకు నచ్చేలా చెప్పలేకపోతున్నాను.

సమాధానం: తేడా ఉంది. అయితే దాన్ని ఇచ్చే వస్తువులో వెతికితే దొరకదు. అదే వెండి కప్పు, అదే చెక్కు మూడు సందర్భాలలోనూ చేతికి రావచ్చు. అది ఏ దారిన చేతికి వచ్చిందన్నదాన్ని బట్టి ఇంగ్లీషులో మాట మారుతుంది.

‘అవార్డు’ అనే మాటకు మొదటి అర్థం తీర్పు. పాత ఫ్రెంచి నుంచి ఇంగ్లీషులోకి వచ్చినప్పుడు అది విచారించి నిర్ణయించడమనే అర్థంతోనే వచ్చింది. ఈ అర్థం మనకు కొత్తదేమీ కాదు. కృష్ణా జలాల పంపకం కోసం 1969లో జస్టిస్ బచావత్ అధ్యక్షతన ఏర్పాటైన ట్రైబ్యునల్ 1973లో ఇచ్చిన నిర్ణయాన్ని ఇవాళ్టికీ ‘బచావత్ అవార్డు’ అనే అంటున్నాం. మహారాష్ట్రకు 560, కర్ణాటకకు 700, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు 800 టీఎంసీల చొప్పున అది వాటాలు తేల్చింది తప్ప ఎవరినీ సన్మానించలేదు. రిజర్వాయరు కింద పొలం పోయిన రైతు ‘మా ఊరికి ఇంకా అవార్డు కాలేదండీ’ అన్నాడంటే, భూసేకరణ అధికారి పరిహారం ఖరారు చేస్తూ ఉత్తర్వు ఇవ్వలేదని చెబుతున్నాడు. లోక్ అదాలత్‌లో రాజీ కుదిరిన కేసుకు వచ్చేదీ అవార్డే.

సత్కారమనే అర్థం వచ్చాక కూడా ఈ తీర్పు వాసన ఆ మాటను వదలలేదు. అవార్డు ఇవ్వాలంటే యోగ్యతను తూచే సంఘమో, జ్యూరీయో ఉండాలి. అందుకునేవారు ఎవరితోనూ పోటీ పడి ఉండనక్కరలేదు, డబ్బు ఉండి తీరాలనీ లేదు. 1954లో మొదలైన పద్మ అవార్డులతో నగదు రాదు, సనదూ (గౌరవ పత్రం), పతకమూ వస్తాయి. (వాటిని బిరుదుల్లా పేరుకు ముందు గాని వెనుక గాని తగిలించుకోరాదని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. మన ఫ్లెక్సీలకు ఆ సంగతి ఇంకా చేరినట్టు లేదు.) తెలుగులో దీనికి ‘పురస్కారం’ చక్కగా సరిపోతుంది. ‘పురస్’ అంటే ముందు. పదిమందిలో ఒకరిని ముందుకు పిలిచి నిలబెట్టడం పురస్కారం. ‘ఉగాదిని పురస్కరించుకొని’ అన్నప్పుడు మనం వాడేదీ ఈ మాటనే.

‘ప్రైజు’ దగ్గర ఎక్కువసేపు ఆగనక్కరలేదు. వెల అనే అర్థం గల లాటిన్ మాట నుంచి ఇంగ్లీషులో ధర, పొగడ్త, పందెపు సొమ్ము అనే అర్థాలతో మూడు మాటలు, ‘ప్రైస్’, ‘ప్రెయిజ్’, ‘ప్రైజ్’, పుట్టాయి. పోటీలో గెలుచుకునేది ప్రైజు, లాటరీలో తగిలేదీ ప్రైజే. మన ‘బహుమతి’కి నేటి వాడుకలో ప్రధానార్థం ఇదే కాబట్టి పరుగుపందెంలో, వ్యాసరచనలో మొదటి స్థానం వచ్చిన పిల్లలకు నిశ్చింతగా ‘బహుమతి’ అనండి. మరి నోబెల్‌కు ఎవరూ పోటీకి దిగరు కదా, అదెందుకు ప్రైజయింది అని మీ విద్యార్థి అడగవచ్చు. అది 1901 నుంచి ఆ పేరుతోనే ఇస్తున్నది, పేరుగా స్థిరపడిన చోట తర్కం పనిచేయదు. మనమూ ‘నోబెల్ బహుమతి’ అనీ, ‘జ్ఞానపీఠ పురస్కారం’ అనీ అలవాటు ప్రకారమే అంటున్నాం. ఆ అలవాటును చెడగొట్టనవసరం లేదు.

చిక్కంతా ‘రివార్డు’తోనే. ఇది ఒకదానికి బదులుగా దక్కేది. చేసిన పని ముందుంటుంది, రివార్డు దాని వెంట వస్తుంది. బ్యాంకు కార్డు మీద ఖర్చు పెట్టినందుకు జమ అయ్యే పాయింట్లు, పోగొట్టుకున్న సంచి తెచ్చి ఇచ్చినవారికి చేతిలో పెట్టే సొమ్ము, అల్లూరి సీతారామరాజును పట్టి ఇచ్చినవారికి ఇస్తామని బ్రిటిషు ప్రభుత్వం ప్రకటించిన పదివేల రూపాయలు, అన్నీ రివార్డులే. ఇక్కడ గౌరవం ఉండవచ్చు, బొత్తిగా లేకపోనూ వచ్చు. అందుకే తెలుగులో దీనికి ఒకే మాట కుదరదు. శ్రమకు దక్కితే ‘ప్రతిఫలం’ అనవచ్చు, ప్రభుత్వం క్రీడాకారులకు ప్రకటిస్తే పత్రికలు ‘నజరానా’ అంటున్నాయి. పోలీసులు ప్రకటించినప్పుడు ‘తలపై రివార్డు’ అని ఇంగ్లీషు మాటనే ఉంచేశారు, అందులో తప్పూ లేదు. ‘పారితోషికం’ కూడా వాడవచ్చు గాని జాగ్రత్త అవసరం. పరితోషం, అంటే సంతృప్తి, కలిగినవారు ఇచ్చేది పారితోషికం. సినిమా పేజీలలో అది షూటింగుకు ముందే బేరమాడి పుచ్చుకునే జీతమైపోయింది.

వ్యాకరణంలోనూ ఒక తేడా ఉంది. ఇంగ్లీషులో మనిషిని రివార్డు చేస్తారు, అవార్డునయితే మనిషికి ఇస్తారు. ‘ఆయనను పద్మశ్రీతో రివార్డు చేశారు’ అనే ధోరణిలో మనవాళ్లు రాసే ఇంగ్లీషు వాక్యం ఆ గౌరవాన్ని కూలిగా మార్చేస్తుంది.

పి.వి. సింధు విషయం తీసుకుంటే మీ విద్యార్థులకు మూడూ ఒకేచోట కనిపిస్తాయి. 2016 రియో ఒలింపిక్స్‌లో ఆమె కోర్టులో ఆడి గెలుచుకున్న రజత పతకం ప్రైజు జాతికి చెందినది. ఆ విజయానికి మెచ్చి తెలంగాణ ప్రభుత్వం 5 కోట్లు, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 3 కోట్లు ప్రకటించడం రివార్డు. అదే ఏడాది ఎంపిక సంఘం సిఫారసు మీద వచ్చిన ఖేల్‌రత్న అవార్డు.

ఈ మాటల పుట్టుకలో మరో ముచ్చట ఉంది. ‘వారంటీ’, ‘గ్యారంటీ’ ఒకే మాటకు రెండు రూపాలైనట్టే ‘రివార్డు’, ‘రిగార్డు’ కూడా ఒకే మాటకు రెండు ఫ్రెంచి మాండలిక రూపాలు. చూడటం, లక్ష్యపెట్టడం వాటి మూలార్థం. మన ‘కానుక’ కూడా ‘కను’ అనే ధాతువు నుంచి వచ్చినదే, పెద్దలను చూడబోయేటప్పుడు పట్టుకెళ్లేది. ‘బహుమతి’, ‘బహుమానం’ అనే మాటలకు సంస్కృతంలో గొప్ప గౌరవమనే అర్థం, ఆ గౌరవానికి గుర్తుగా ఇచ్చే వస్తువుకు తెలుగులో అదే పేరు పడింది. కనుక మీ ఆహ్వానపత్రికలో మూడింటికీ ‘బహుమతులు’ అని వేసినవారు ఘోరమైన తప్పు చేయలేదు. అయినా ఆటల పోటీలకు ‘బహుమతులు’, ఉత్తమ విద్యార్థికి ‘పురస్కారం’, ఏడాది పొడుగునా ఒక్కరోజూ మానకుండా బడికి వచ్చినవారికి ‘ప్రోత్సాహకం’ అని వేస్తే పత్రికకు స్పష్టత వస్తుంది. పనిలో పనిగా అది ‘బహుమతి ప్రదానం’ అయ్యేలా చూడండి. చాలా పత్రికల్లో ‘ప్రధానం’ అని పడుతున్నది.

ఇక రెండో సందేహం. ‘ఇన్‌వాల్యుబుల్’లో ముందున్న ‘ఇన్’ కాదంటున్నది విలువను కాదు, విలువ కట్టడాన్ని. కట్టడానికి వీలు కానంత విలువ అని దాని భావం. తెలుగులో ఈ తేడా ఇంకా తేటగా ఉంది. వెల అంగడిలో పలికేది, విలువ వస్తువులో ఉండేది. ‘వెలలేని ముత్యం’ అంటే ఏ ధరకూ అందనిది, ‘విలువలేని మాట’ అంటే ఎందుకూ కొరగానిది. మొదటిదానికి ఇంగ్లీషులో ‘ప్రైస్‌లెస్’, రెండోదానికి ‘వర్త్‌లెస్’. మీ విద్యార్థులు రాసిన ‘విలువలేనిది’ అనే అర్థం కావాలంటే ‘వాల్యూలెస్’ అనాలి. ఇదీ పట్టుబడకపోతే తరగతిలో అమూల్య అనే పేరున్న అమ్మాయి ఉందేమో చూసి, ఆ పేరుకు అర్థం విలువలేనిదా అని మిగతావారిని అడగండి.