తోక ముక్క ముందు నువ్వు తిను

గుణుపురం నుంచి

చిరంజీవి మేనల్లుడికి మావయ్య ఆశీస్సులు.

మీ అమ్మ ఫోనులో సంగతంతా చెప్పింది. కార్తీక పున్నమి దాటగానే ఒడియావాళ్లంతా చేపలు కొనే ఛాడఖాయి నాడు రాయగడలో నీ చేపల కొట్టు ముందు జనం బారులు తీరారని సంతోషించేలోపే, మర్నాడు ముగ్గురు తిరిగొచ్చారని కూడా చెప్పింది. ఒకావిడ చేపముక్క పసుపుగా ఉందని, మిగతా ఇద్దరు కూరంతా బురద వాసన వేసిందని అన్నారట. నువ్వు డబ్బు వెనక్కిచ్చేసి రాత్రి అన్నం తినకుండా పడుకున్నావట. డబ్బు ఇవ్వడం మంచి పని, అన్నం మానడం దండగ పని. ఫోనులో చెబితే "సరే మావయ్యా" అంటూనే రెండో చేత్తో చేప కోస్తుంటావు. అందుకే ఉత్తరం రాస్తున్నాను.

ముందుగా ఆ రెండు ఫిర్యాదులనూ విడదీసి చూడు. రంగు మేతనుంచి వస్తుంది, వాసన నీటినుంచి వస్తుంది. పసుపుగా ఉన్న ముక్క కమ్మగా ఉండొచ్చు. మల్లెపువ్వులా తెల్లగా ఉన్న ముక్క నోట పెట్టుకోలేనంత బురద వాసన వేయొచ్చు. నీ దగ్గర ఆ రోజు రెండూ ఉన్నాయి, అంతే.

ముళ్లు లేని ముక్కలని నువ్వు అమ్మేది చాలావరకు పంగసే కదా, చెరువుల్లో పెంచే ఆ పొలుసులు లేని చేప. బొచ్చె, రోహు కండలో సన్న ముళ్లు ఉంటాయి కాబట్టి వాటిని అలా కోయడం ఎవరితరమూ కాదు. పంగస్‌కు మేతలో మొక్కజొన్న ఎక్కువ పెడితే, చెరువులో నాచు దండిగా ఉంటే, వాటిలోని పసుపు రంగు పదార్థాలు కొవ్వులోకీ కండలోకీ చేరతాయి. కోడిగుడ్డు పచ్చసొనకు రంగు ఇచ్చేవి కూడా అవే. తింటే ఏమీ కాదు. ధర మాత్రం తగ్గుతుంది, ఎందుకంటే హోటళ్లవాళ్లకు తెల్లగానే కావాలి. ఆ ముక్కలను వేరే పళ్లెంలో పెట్టి, కారణం చెప్పి, పది రూపాయలు తగ్గించి అమ్ము. ముక్కను తెల్లబరుస్తుందని ఎవరైనా పొడి తెచ్చి చూపిస్తే కొట్టు మెట్టు ఎక్కనివ్వకు. ముందే పసుపు పట్టించి పెట్టడం కూడా వద్దు. ఇంట్లో అది వంట, కొట్లో అది దాపరికం.

అయితే ప్రతి పసుపునూ మేతమీదికి నెట్టేయకు. అంచుల్లో కొవ్వు పచ్చబడి పాత నూనె వాసన వేస్తే ఆ సరుకు మంచు పెట్టెలో ఎక్కువకాలం ఉందని అర్థం. ఆకుపచ్చ కలిసిన పసుపు మరక కడుపు వైపు కనిపిస్తే కోసేటప్పుడు చేదు తిత్తి పగిలిందన్నమాట. కడిగితే పోదు, ఆ మేర కోసి పారేయాలి. తిత్తి మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. మోకాళ్ల నొప్పులకనీ చక్కెర జబ్బుకనీ రోహు, బొచ్చె తిత్తులు పచ్చిగా మింగడానికి అడిగి తీసుకెళ్లేవాళ్లు కొందరుంటారు. ఎంత బతిమాలినా ఇవ్వకు. అలా మింగినవాళ్లకు మూత్రపిండాలు దెబ్బతిని ఆస్పత్రి పాలైన సంగతులు వైద్యుల పత్రికల్లో చాలాసార్లు వచ్చాయి. కొర్రమీను కండలో జొన్నగింజల్లా పసుపు పూసలు కనిపిస్తే అవి పురుగు తిత్తులు. బాగా ఉడికితే చచ్చిపోతాయి, కానీ అలాంటి చేపను అమ్మకానికి పెట్టకు.

ఎరుపు సంగతి తేలిక. చర్మం కింద పక్కన పొడుగ్గా ఉండే ముదురు రంగు పట్టీలో కొవ్వు ఎక్కువ. రుచి అక్కడే ఘాటుగా ఉంటుంది, ముందు చెడేదీ అదే. ముక్క చేసేటప్పుడు కత్తిని వాలుగా పట్టి దాన్ని తీసేస్తే సగం గొడవ తగ్గుతుంది. ముక్క మొత్తం ఎర్రగా ఉందంటే చేప ప్రాణంతో ఉండగా మొప్పలు కోసి రక్తం పోనివ్వలేదని అర్థం. కోసి, మంచు నీళ్లలో వేసి, రక్తం కారిపోయాక మిగతా పని మొదలుపెట్టు. చేప ఎంత బరువుంటే మంచు అంత బరువు ఉండాలి. మంచు దగ్గర లోభించినవాడు ఈ వ్యాపారంలో నిలబడటం నేను చూడలేదు.

ఇక బురద వాసన. దీని గురించి నాకు తెలిసినంత నీకు తెలియాలంటే నా సిగ్గుమాలిన కథ ఒకటి చెప్పాలి. నౌపడా నుంచి ఇంకా చిన్న రైలు తిరిగే రోజులవి. వంశధార అవతల ఒక ఊళ్లో పెళ్లికి రెండు క్వింటాళ్ల రోహు ఒప్పుకున్నాను. వైశాఖం చివర. ఒక చెరువు ఎండిపోతోందని తెలిసి, చవగ్గా వస్తుందని మొత్తం కొనేశాను. నీళ్లు పచ్చగా, చిక్కగా, మీద నురగ కట్టి ఉన్నాయి. చేపలు చూస్తే నిగనిగలాడుతున్నాయి, మొప్పలు ఎర్రగా, కళ్లు మెరుస్తూ ఉన్నాయి. తాజాతనానికి ఇంతకంటే ఏం కావాలి అనుకున్నాను. పెళ్లి పందిట్లో రెండో బంతి లేవకముందే పెళ్లికూతురి తండ్రి నా దగ్గరికొచ్చి, ఒక్క మాట కూడా అనకుండా, తన విస్తరిలోని ముక్క నా చేతిలో పెట్టి వెళ్లిపోయాడు. తిన్నాను. తొలకరిలో తడిసిన మట్టిని నమిలినట్టు ఉంది. ఆ సొమ్ములో సగం నేను అడగలేదు, ఆయన ఇవ్వలేదు.

తర్వాత భువనేశ్వర్ పక్కన కౌసల్యాగంగలో కేంద్ర మంచినీటి చేపల సంస్థవారి శిక్షణకు వెళ్లినప్పుడు కారణం తెలిసింది. ఆ వాసన బురద తినడం వల్ల వచ్చేది కాదు. నీటిలోని కొన్ని రకాల నీలి ఆకుపచ్చ నాచులు, అడుగు మట్టిలోని సూక్ష్మజీవులు జియోస్మిన్ అనే పదార్థాన్ని తయారు చేస్తాయి. వాన పడగానే మట్టి నుంచి వచ్చే వాసనలోనూ ఉండేది అదే. దానికి 1965లో శాస్త్రవేత్తలు ఆ పేరు పెట్టారు, గ్రీకులో మట్టి వాసన అని అర్థం. లీటరు నీటిలో పది నానోగ్రాములున్నా, అంటే గ్రాములో వంద కోట్లవ వంతులు పది ఉన్నా, పసిగట్టే ముక్కులున్నాయి. మీ అత్తది అలాంటి ముక్కే. చేప దాన్ని మొప్పల ద్వారా పీల్చి కొవ్వులో దాచుకుంటుంది. ఎక్కడానికి గంటలు చాలు, దిగడానికి రోజులు పడుతుంది. మొప్ప ఎరుపు, కంటి మెరుపు దీని గురించి ఏమీ చెప్పవు. నేను ఆ పెళ్లిలో మోసపోయింది అక్కడే.

అందుకని చెరువు బేరం ఆడేముందు రెండు మూడు చేపలు పట్టించు. చర్మంతో సహా తోక దగ్గరి ముక్క కోసి, ఉప్పు, కారం, నూనె ఏమీ వేయకుండా మూతపెట్టి ఆవిరిమీద ఉడికించు. మూత తీసిన క్షణంలో వాసన చూడు, తర్వాత తిను. అమెరికాలో క్యాట్‌ఫిష్ కొనే కర్మాగారాలవాళ్లు కూడా చెరువు పట్టకముందు ఇలాగే తిని చూస్తారు. నువ్వు రుచి చూసే రోజున పాన్ వేసుకోకు. అనుమానం వస్తే ఇంట్లో ఇంకొకరికి పెట్టు, మీ అత్తకైతే మరీ మంచిది. వాసన వేస్తే బేరం వాయిదా వెయ్యి, లేదా చేపలను తెచ్చి మంచి నీళ్లు పారుతుండే సిమెంటు తొట్టిలో మేత లేకుండా ఉంచు. వారం పట్టొచ్చు, కొవ్వు పట్టిన పంగస్‌కు, చలికాలంలో, ఇంకా ఎక్కువ పట్టొచ్చు. బరువు కొంత తగ్గుతుంది, ఆ నష్టం ధరలో ముందే లెక్కేసుకో. తొట్టి గోడలకు జిగట పాకుడు పడితే వాసన అక్కడే మళ్లీ పుడుతుంది కాబట్టి గీకి కడిగించు.

కిరసనాయిలు వాసనో మందు వాసనో అయితే మాత్రం తొట్టి, రోజులు అనే మాటే లేదు. ఆ చెరువువైపు మళ్లీ వెళ్లకు.

ఛాడఖాయికి జరిగింది నాకు ఊహకు అందుతోంది. కార్తీకం చివరి ఐదు రోజులు పంచుక అని ఒడియావాళ్లు చేప ముట్టరు, పున్నమి మర్నాడు ఊరంతా ఒక్కసారే కొంటుంది. చెరువులవాళ్లు ఆ ఒక్క రోజు కోసం చివరిదాకా మేత దట్టించి తెల్లవారుజామున వల వేస్తారు. రుచి చూసే తీరిక ఎవరికీ ఉండదు. వచ్చే ఏడు పున్నమికి పది పదిహేను రోజుల ముందే సరుకు మాట్లాడుకుని తొట్టిలోకి తెచ్చుకో.

కొన్నవాళ్లకు చెప్పవలసింది ఒకటుంది. జియోస్మిన్ పులుపు ముందు నిలవదు. చేపను మనం పులుసు పెట్టడం, ఒడియావాళ్లు ఆవ ముద్దతో చేసే బేసరలో అంబుల, అంటే ఎండు మామిడి ముక్క, వేయడం ఊరికే వచ్చిన అలవాట్లు కావని నాకు అనిపిస్తుంది. ముక్కలను చింతపండు నీళ్లలోనో నిమ్మరసంలోనో అరగంట ఉంచి, కడిగి, చిక్కని పులుసు పెట్టుకోమను. కొద్దిపాటి వాసనైతే పోతుంది. వేపుడుకు మాత్రం ఆ ముక్క పనికిరాదు, నూనెలో వాసన ఇంకా పైకి లేస్తుంది. ఒడియాలో భాకుర అని అడిగినవాళ్లకు అదే చేపైన బొచ్చె ఇచ్చినంత సులువుగా ఈ మాటలు ఒడియాలో చెప్పడం నేర్చుకో. 2018లో చేప కుళ్లకుండా ఫార్మలిన్ అనే మందు కలుపుతున్నారని గోల రేగినప్పటినుంచీ ఆంధ్రా లారీ చేప అంటేనే జనం ముఖం చిట్లిస్తున్నారు. అడిగినవాడికి ఏ చెరువుదో, ఏ రోజు పట్టిందో చెప్పగలిగితే సగం అనుమానం అక్కడే తీరుతుంది.

పసుపు ముక్క తెచ్చిన ఆవిడ మళ్లీ వస్తే ఒక పావుకిలో కొర్రమీను ఊరికే ఇవ్వు, నా లెక్కలో రాసుకో. బురద వాసన వేసిన సరుకు ఇంకా మిగిలి ఉంటే అమ్మకుండా ఉంచు. ఆదివారం పొద్దున వస్తాను, ఏ చెరువుదో కలిసి వెళ్లి చూద్దాం. చిన్న గిన్నె, మూత సిద్ధంగా పెట్టు.

మీ మావయ్య